అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పారు

1928లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో డోరిస్ బక్ అనే అమ్మాయికి డాక్టర్లు కడుపు కోసి ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ చెడిపోయిందని చెప్పారు. ఆమె నమ్మింది. తర్వాత పెళ్లయింది. పిల్లలు కలగలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. యాభై ఏళ్లు గడిచాక, వృద్ధాప్యంలో, ఆమెకు అసలు సంగతి తెలిసింది. ఆ రోజు కోసింది అపెండిక్స్‌ని కాదు, పిల్లలు పుట్టకుండా ట్యూబులని.

కెనడాలోని అల్బర్టాలో 1959లో లీలానీ మ్యూర్‌కి పద్నాలుగేళ్లు. ఆమెకీ అపెండిక్స్ ఆపరేషన్ అనే చెప్పారు. జపాన్ పార్లమెంటు 2023లో బయటపెట్టిన నివేదికలోనూ అదే మాట ఉంది. అక్కడా కొందరికి అపెండిక్స్ అని చెప్పి ఆపరేషన్ చేశారు.

మూడు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, ఒకరితో ఒకరికి పరిచయం లేని డాక్టర్లు ఒకే అబద్ధం ఆడారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు బలవంతంగా చేసిన ఈ ఆపరేషన్లను సమర్థించినవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: అదంతా వాళ్ల మేలు కోసమే. నిజంగా మేలే అయితే, ఆ మేలు ఏమిటో ఆ మనిషికి చెప్పడానికి ఎందుకు భయపడ్డారు? ఈ చరిత్రలో ఏ పేజీ తిప్పినా నాకు ఈ ప్రశ్నే ఎదురైంది.

డోరిస్ అక్క పేరు క్యారీ బక్. ఆమె కథ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కాబట్టి వివరంగా రికార్డయింది. తల్లి ఎమ్మాను 1920లో 'మూర్ఛరోగులు, మందబుద్ధుల' కోసం వర్జీనియా ప్రభుత్వం నడిపే కాలనీలో వేశారు. క్యారీ చిన్నప్పటి నుంచీ వేరే కుటుంబం దగ్గర పెరిగింది. ఆరో తరగతి దాకా చదివింది. చదువులోనూ నడతలోనూ చాలా బాగుందని టీచర్ రాసిన రికార్డు ఉంది. పదిహేడేళ్ల వయసులో ఆ ఇంటావిడ మేనల్లుడు ఆమెపై అత్యాచారం చేశాడని క్యారీ తర్వాత చెప్పింది. గర్భం వచ్చింది. ఆ కుటుంబం ఆమెను మందబుద్ధి గలదని, నడత చెడిందని చెప్పి తల్లి ఉన్న కాలనీకే పంపే ఏర్పాటు చేసింది. 1924 మార్చిలో ఆమెకు వివియన్ అనే కూతురు పుట్టింది. అదే నెలలో వర్జీనియా స్టెరిలైజేషన్ చట్టం, అంటే ఇలాంటివాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టం, చేసింది.

ఆ చట్టాన్ని కోర్టులో పరీక్షించి గట్టి చేసుకోవడానికి కాలనీ అధికారులకు ఒక కేసు కావాల్సి వచ్చింది. క్యారీని ఎంచుకున్నారు. ఆమె తరఫున వాదించడానికి పెట్టిన లాయర్ ఇర్వింగ్ వైట్‌హెడ్ ఆ కాలనీ బోర్డులో పనిచేసినవాడు, చట్టం ముసాయిదా రాసిన లాయర్‌కి స్నేహితుడు. ఆమె పక్షాన ఒక్క సాక్షిని కూడా పిలవలేదు. పాఠశాల రికార్డు చూపించలేదు. హ్యారీ లాఫ్లిన్ అనే యూజెనిక్స్ (నాసిరకం అనుకున్నవాళ్లు పుట్టకుండా చేసి జాతిని బాగుచేయాలనే సిద్ధాంతం) నిపుణుడు క్యారీని ఒక్కసారి కూడా చూడకుండానే వంశమే పనికిమాలినదని వాంగ్మూలం పంపాడు. ఏడెనిమిది నెలల పసిపిల్ల వివియన్‌ని చూసి రెడ్‌క్రాస్ సామాజిక కార్యకర్త ఒకామె, 'ఏదో తేడాగా ఉంది' అంది. ఆ మాటతో మూడో తరం కూడా మందబుద్ధేనని రుజువైపోయింది.

1927 మే 2న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఎనిమిది మంది ప్రభుత్వం పక్షం. తీర్పు రాసింది ఆలివర్ వెండెల్ హోమ్స్, అమెరికా న్యాయ చరిత్రలో మహా మేధావిగా పేరున్న మనిషి. టీకాలు తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నప్పుడు ట్యూబులు కోసే అధికారమూ ఉంటుందని రాశాడు. 'మూడు తరాల మందబుద్ధులు చాలు' అని ముగించాడు. అక్టోబరు 19న క్యారీకి ఆపరేషన్ చేశారు. ఇక ఆ మూడో తరం మందబుద్ధి వివియన్ స్కూల్లో మంచి మార్కులు తెచ్చుకుని, 1931లో ప్రతిభావంతుల జాబితాలోనూ చేరింది. 1932లో తట్టు సోకి, ఆ తర్వాత పేగుల జబ్బుతో ఎనిమిదేళ్లకే చనిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. క్యారీకి అసలు బుద్ధిమాంద్యమే లేదు, పేద పిల్ల, అన్యాయంగా ముద్ర వేశారు అంటారు. లీలానీ మ్యూర్ విషయంలోనూ అంతే. చిన్నప్పుడు ఐక్యూ 64 అని రాశారు, పెద్దయ్యాక పరీక్షిస్తే 89 వచ్చింది. ఇది నిజమే, చెప్పాల్సిందే. కానీ మన కోపమంతా తప్పుడు ముద్ర మీదే నిలిస్తే, ముద్ర సరైనదైతే ఆపరేషన్ సరైనదేనా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. క్యారీకి నిజంగానే మేధో వైకల్యం ఉండి ఉంటే? వివియన్‌కి అక్షరాలు రాకపోయి ఉంటే? అప్పుడూ ఆమె ఒళ్లు ఆమెదే. మార్కులు చూపించి హక్కు సంపాదించుకోవాల్సిన అవసరం ఏ మనిషికీ ఉండకూడదు. ఈ విషయం దగ్గర తడబడితే ఈ చరిత్ర నుంచి మనం నేర్చుకున్నది సగమే.

అమెరికాలో మొదటి చట్టం 1907లో ఇండియానా చేసింది. ముప్పైకి పైగా రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. మొత్తం మీద 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో 20 వేలు ఒక్క కాలిఫోర్నియాలోనే. జర్మనీలో నాజీలు 1933 జూలైలో చట్టం చేసి దాదాపు 4 లక్షల మందికి చేశారు. ఎక్కువ మందికి రాసిన జబ్బు 'పుట్టుకతో మందబుద్ధి'. క్యారీ మీద వాంగ్మూలం ఇచ్చిన లాఫ్లిన్‌కి 1936లో హైడల్‌బర్గ్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో విచారణ ఎదుర్కొన్న నాజీ డాక్టర్ల తరఫున క్యారీ బక్ తీర్పును చూపించి వాదించారు. ఆ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు ఈ రోజు వరకూ సూటిగా కొట్టివేయలేదు.

అయితే ఇదంతా నాజీల ఖాతాలో రాసేస్తే సరిపోదు. సంక్షేమ రాజ్యానికి నమూనాగా మనం చెప్పుకునే స్వీడన్‌లో 1934 చట్టం, 1941లో దాని విస్తరణ, 1975 దాకా అమలు. సుమారు 63 వేల ఆపరేషన్లు, అత్యధికులు ఆడవాళ్లే. కాగితం మీద చాలామంది 'ఇష్టపూర్వకంగా' సంతకం చేసినవాళ్లే. సంతకం పెడితేనే హోం నుంచి ఇంటికి పంపుతామన్నప్పుడు ఆ ఇష్టానికి విలువ ఏముంటుంది? అందరికీ వైద్యం, అందరికీ పింఛను ఇవ్వాలనుకున్న రాజ్యమే, ఖర్చు తగ్గాలంటే కొందరు పుట్టకూడదని లెక్క వేసుకుంది. ఇతరుల భారం మోయడం గురించి మాట్లాడే ప్రతి సమాజానికీ ఈ ప్రమాదం ఉంది.

జపాన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. యుద్ధంలో ఓడిపోయి, తిండికి కటకటలాడుతూ, కొత్త ప్రజాస్వామ్య రాజ్యాంగం రాసుకున్న తర్వాత, 1948లో ఆ దేశం యూజెనిక్ రక్షణ చట్టం చేసింది. 'నాసిరకం సంతానం' పుట్టకుండా చూడటం దాని లక్ష్యమని అందులోనే రాసుకున్నారు. 1996 దాకా, అంటే మన కాలందాకా, అది అమల్లో ఉంది. దాదాపు 25 వేల మందికి ఆపరేషన్ చేశారు, అందులో సుమారు 16,500 మందికి కనీసం అంగీకారం అడగలేదు. బాధితుల్లో తొమ్మిదేళ్ల పిల్లలు ఇద్దరున్నారు. 1953లో ఆరోగ్య శాఖ అధికారులకు మార్గదర్శకాలు పంపింది. తప్పనిసరైతే కట్టేయవచ్చు, మత్తు ఇవ్వవచ్చు, మోసపుచ్చవచ్చు అని. నేను పైన అడిగిన ప్రశ్నకు ఇది లిఖితపూర్వకమైన జవాబు. అబద్ధం ఏ ఒక్క డాక్టరో మొహమాటపడి ఆడింది కాదు, అది ప్రభుత్వ విధానం.

చట్టం రద్దయ్యాక కూడా ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వం క్షమాపణ చెప్పలేదు. ఆ రోజుల్లో అది చట్టబద్ధమే కదా అనేది సమాధానం. 2018 జనవరిలో మియాగి ప్రాంతానికి చెందిన, మేధో వైకల్యం ఉన్న ఒక మహిళ సెండాయ్ కోర్టుకెక్కింది. ఆమెకు పదిహేనేళ్లప్పుడు, 1972లో, ఆపరేషన్ చేశారు. వెంటబడి రికార్డులు తీయించి, పోరాటంలో ఆమె పక్కన నిలబడింది ఆమె వదిన. మొదట ఓడిపోయారు. చట్టం రాజ్యాంగ విరుద్ధమే గానీ ఇరవై ఏళ్ల గడువు దాటిపోయిందని కోర్టు చెప్పింది. ఆ మాట వినగానే ఎవరికైనా అనిపించేది ఒకటే: తనకు ఏం జరిగిందో తెలియకుండా చేసినవాళ్లే, ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంటే ఎలా? చివరికి 2024 జూలై 3న జపాన్ సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. గడువు పేరుతో తప్పించుకోవడం ఘోర అన్యాయమని తేల్చింది. అదే నెలలో ప్రధాని కిషిదా బాధితులను కలిసి క్షమాపణ చెప్పారు. ఒక్కొక్కరికీ కోటి 50 లక్షల యెన్‌ల పరిహారం ఇచ్చే చట్టం ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. అప్పటికి బాధితుల్లో చాలామంది చనిపోయారు.

ఇక మన దేశం. బలవంతపు ఆపరేషన్లు అనగానే మనకు ఎమర్జెన్సీ గుర్తుకొస్తుంది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ కోపం 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన ఇందిరాగాంధీ ప్రభుత్వాన్ని ఊడ్చేసింది. బాధితులకు ఓటుంది, ఊరుంది, కులపెద్దలున్నారు, అడిగే నోరుంది. హోంలో ఉన్న మేధో వైకల్యం గల అమ్మాయికి వీటిలో ఏదీ లేదు. అందుకే ఆమె కథ ఎన్నికల సమస్య కాలేదు. మనకు యూజెనిక్స్ చట్టం కూడా లేదు. చట్టం లేదు కాబట్టి రికార్డు లేదు, రికార్డు లేదు కాబట్టి లెక్క లేదు.

1994 ఫిబ్రవరిలో ఒకసారి తెర తొలగింది. పుణె జిల్లా శిరూర్‌లో మేధో వైకల్యం ఉన్న బాలికల కోసం ప్రభుత్వం నడిపే హోం ఉంది. అక్కడి నుంచి పదిమందికి పైగా అమ్మాయిలను, మహిళలను పుణెలోని ససూన్ ఆస్పత్రికి తీసుకెళ్లి గర్భసంచి తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్లకు రాదు, సిబ్బందికి చేయడం కష్టం, గర్భం వచ్చే ప్రమాదం కూడా ఉంది అన్నది అధికారుల వివరణ. మహిళా సంఘాలు రోడ్డెక్కాకే మిగిలిన ఆపరేషన్లు ఆగాయి.

ఆ వివరణను కొంచెం ఆగి చూద్దాం. నెలసరి శుభ్రత చేసుకోలేనంత తీవ్ర వైకల్యం ఉన్న అమ్మాయికి స్నానానికీ, మలమూత్రాలకూ కూడా సాయం కావాలి. గర్భసంచి తీసేసినంత మాత్రాన ఆ సాయం అవసరం పోదు. నెలకు నాలుగైదు రోజుల పని తగ్గుతుంది, అంతే. ఆ కాస్త పని తగ్గడం కోసం పెద్ద ఆపరేషన్. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారే ముప్పు. సిబ్బంది చాలని హోంలో సిబ్బందిని పెంచాలి. దానికి బదులు ఆడపిల్లల ఒంట్లో ఒక అవయవాన్ని తగ్గించారు.

గర్భం వచ్చే ప్రమాదం అన్న మాట ఇంకా భయంకరమైనది. హోంలో ఉన్న అమ్మాయికి గర్భం ఎలా వస్తుంది? ఎవడో అత్యాచారం చేస్తే వస్తుంది. ఆపరేషన్ అత్యాచారాన్ని ఆపదు, దాని ఆనవాలును మాత్రం చెరిపేస్తుంది. 2009లో చండీగఢ్‌లో జరిగింది దీనికి రుజువు. ప్రభుత్వ నారీ నికేతన్‌లో ఉన్న ఒక అనాథ యువతిపై ఆ ఆవరణలోనే అత్యాచారం జరిగింది. ఆమెకు స్వల్ప మేధో వైకల్యం. గర్భం బయటపడ్డాకే నేరం బయటపడింది. ఆమెకు ముందే గర్భసంచి తీసేసి ఉంటే ఆ నేరం ఎవరి కంటా పడేది కాదేమో.

ఆ కేసులో పంజాబ్, హర్యానా హైకోర్టు గర్భస్రావం చేయించమని ఆదేశించింది. ఆ యువతి మాత్రం బిడ్డను కంటానంది. సుప్రీంకోర్టులో చీఫ్ జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆమె మాట విన్నది. మానసిక జబ్బు వేరు, మేధో వైకల్యం వేరు, చట్టం ఈ రెంటినీ కలపలేదు, ఆమె అంగీకారం లేకుండా గర్భస్రావం కుదరదని చెప్పింది. మానసిక లోపాలు తరతరాలకూ వస్తాయన్న యూజెనిక్స్ సిద్ధాంతం తప్పని ఎప్పుడో తేలిపోయిందని తీర్పులో రాసింది. ఆ ఏడాది డిసెంబరులో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. హోమ్స్ తీర్పు పక్కన ఈ తీర్పు పెట్టి చదివితే ఒక భారతీయుడిగా నాకు గర్వంగా ఉంటుంది.

కానీ కోర్టు దాకా వచ్చేది ఎన్ని కేసులు? మన దగ్గర ఎక్కువ భాగం ఇళ్లలోనే జరిగిపోతుంది. కూతురికి పన్నెండో పదమూడో ఏట నెలసరి మొదలవుతుంది. తల్లి పనికి వెళ్తే ఇంట్లో చూసేవాళ్లు ఉండరు. ఇరుగుపొరుగు మీద నమ్మకం ఉండదు. 'నేను పోయాక దీని గతేంటి' అన్న టెన్షన్ ఆ తల్లిని రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. ఆ స్థితిలో ఎవరో 'గర్భసంచి తీయించేయండి, గోల వదిలిపోతుంది' అంటారు. గర్భసంచి తీయించుకోవడం మన తెలుగు రాష్ట్రాల్లో మామూలు మాటైపోయింది కూడా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తనకే తీయించేసుకున్న తల్లికి కూతురికి తీయించడం పెద్ద నేరంగా ఎలా అనిపిస్తుంది?

ఆ తల్లిని నేను నిందించను. కెనడాలో 1986లో ఈవ్ అనే మారుపేరుతో నడిచిన కేసులో కోర్టుకు వచ్చింది తల్లే. కూతురికి బిడ్డ పుడితే ఆ బిడ్డను కూడా తానే పెంచాల్సి వస్తుందని ఆమె భయం. ఆ భయం నిజమేనని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, వైద్య కారణం లేకుండా ఇంకొకరి సౌకర్యం కోసం ఒక మనిషికి ఇంత తిరుగులేని పని చేయించే అనుమతి ఇవ్వలేమంది. తల్లి బాధ నిజం, దానికి కూతురి శరీరం మూల్యం కాకూడదు. ఈ రెండూ ఒకేసారి చెప్పగలగాలి. మొదటిది మాత్రమే చెప్పేవాళ్లు ఆపరేషన్ వైపు వెళ్తారు. రెండోది మాత్రమే చెప్పి ఊరుకునేవాళ్లు తల్లిని ఒంటరిని చేస్తారు.

బట్టలు మార్చుకోవడం, పళ్లు తోముకోవడం నేర్చుకున్న అమ్మాయి, ఓపిగ్గా ఒక్కో మెట్టు చూపిస్తే, ప్యాడ్ మార్చుకోవడం కూడా నేర్చుకుంటుంది. ఇలాంటి శిక్షణ ఇవ్వడం తెలిసిన జాతీయ సంస్థ మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే 1984 నుంచీ ఉంది. కానీ జిల్లాల్లో, మండలాల్లో ఉన్న తల్లికి ఆ శిక్షణ ఎవరు అందిస్తారు? పగటిపూట కూతుర్ని చూసుకునే కేంద్రం ఎంత దూరంలో ఉంది? అవి దగ్గర్లో లేనిచోట ఆస్పత్రి మాత్రం దగ్గర్లోనే ఉంటుంది.

చట్టం ఏమంటోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 10 చాలా స్పష్టంగా ఉంది. వికలాంగుల స్వేచ్ఛాయుతమైన, విషయం తెలిసిన అంగీకారం లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్య ప్రక్రియ ఏదీ చేయకూడదు. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ గార్డియన్ సంతకానికి చోటు ఇవ్వలేదు. అదే చట్టంలో బలవంతపు గర్భస్రావానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది. సెక్షన్ 10 ఉల్లంఘించి గర్భసంచి తీసేసినవాళ్లకు మాత్రం ప్రత్యేకంగా శిక్ష రాయలేదు. మిగతా అన్ని ఉల్లంఘనలకూ వర్తించే సెక్షన్ 89 ప్రకారం మొదటిసారికి గరిష్ఠంగా 10 వేల రూపాయల జరిమానా. ఒక అమ్మాయి జీవితాంతం భరించాల్సిన దానికి ఇది వెల. పార్లమెంటు ఈ లోటు సరిచేయాలి.

అప్పటిదాకా మన రెండు రాష్ట్రాలు చేయగలిగిన పని ఒకటుంది. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లపై నిఘా కమిటీలు వేయాలన్న కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ కమిటీలకు వచ్చే ప్రతి కేసులో రెండు వివరాలు తప్పనిసరి చేయాలి: ఆమెకు మేధో వైకల్యం ఉందా, ఉంటే ఆపరేషన్ సంగతి ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఎవరు, ఎప్పుడు చెప్పారు. క్యాన్సర్ లాంటి ప్రాణాపాయం ఉన్న చోట డాక్టర్ ఆ కారణమే రాస్తారు. నెలసరి శుభ్రత అని రాసిన ప్రతి కేసూ జిల్లా కలెక్టర్ ముందుకు వెళ్లాలి, ఆ ఇంటికి ఏ సాయం అందలేదో అక్కడ తేలాలి. ప్రభుత్వ హోంలకు కూడా ఇదే నియమం పెట్టి, పాత రికార్డులు తెరవాలి. జపాన్‌లో ఆ వదిన అడిగితే ఒక కాగితం దొరికింది. మన దగ్గర అడిగే వదినకు చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలి.